ఫొటోలో చీకటి ఎక్కడ ఆగిందో చూడండి

లైట్ బాక్స్ మీద పరచిన పన్నెండు ఫ్రేముల్లోనూ ఒకటే లోపం. తెల్లవారుజామున చెరువు గట్టు మీద తీసిన ఫొటోలవి. ప్రతి ఫ్రేములోనూ అడుగున ఎనిమిది మిల్లీమీటర్ల మేర చీకటి పరుచుకుని ఉంది. మొదట గట్టు నీడ అనుకున్నాను. ఆ వేళప్పుడు నీడలు పొడుగ్గానే ఉంటాయి. కానీ తొమ్మిదో ఫ్రేములో ఉన్నది సున్నం కొట్టిన గుడి గోడ. ఎండ దాని మీద నేరుగా పడుతోంది. అక్కడా అడుగున అదే చీకటి, అదే ఎత్తులో. గోడ మీద లేని నీడ ఫొటోలోకి ఎలా వచ్చింది?

నా కెమెరా పాత 6×6 ఎస్ఎల్ఆర్ (ఆరు సెంటీమీటర్ల చతురస్రపు ఫ్రేము, లెన్స్ చూసేదాన్నే లోపలి అద్దంతో మనకు చూపించే కెమెరా), లోపల ఫిలిం అడ్డంగా నడిచే రకం. ఇలాంటి కెమెరాల్లో ఫొటో అడుగు భాగం నల్లబడితే అందరూ ముందుగా అనుమానించేది లోపలి అద్దాన్ని. నేనూ అదే అనుకుని బాగుచేయించడానికి ఇచ్చాను. మెకానిక్ కెమెరా విప్పి, అద్దం కీలు శుభ్రం చేసి, మళ్లీ బిగించి ఇచ్చారు. రెండో రోలు తీశాను. చీకటి పోలేదు. అయితే ఈసారి అది అడుగున లేదు. పైన, ఆకాశం మీద ఉంది.

ఆ ఒక్క మార్పే చిక్కుముడి విప్పింది. అద్దం ఒక రోలుకు కిందా, మరో రోలుకు పైనా అడ్డం పడదు. కెమెరాలో ఫిలిం ఎప్పుడూ ఒకే తీరుగా కూర్చుంటుంది. ఈ అంచో ఆ అంచో పైకి వచ్చే అవకాశం ఉన్నది డెవలపింగ్ ట్యాంకులో, అంటే డెవలపర్ అనే రసాయనంతో ఫిలిం మీది బొమ్మను బయటికి తెచ్చే డబ్బాలో. రీలును ఏ వైపు పైకి పెట్టినా పని జరుగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మొదటి రోలుకు ఒక అంచు పైకి వచ్చింది, రెండో రోలుకు రెండో అంచు. రెండుసార్లూ పై అంచు దాకా డెవలపర్ అందలేదు. ట్యాంకు అడుగున లెక్క అచ్చు వేసే ఉంది: 35 ఎం.ఎం. రోలుకు 290 మిల్లీలీటర్లు, నేను వాడే వెడల్పాటి 120 రోలుకు 500. నా సీసాలో మిగిలింది 440. సరిపోతుందనుకుని పోశాను. పైగా ట్యాంకును తలకిందులు చేసి కలపకుండా, మధ్య కడ్డీతో తిప్పుతూ ఉండిపోయాను. అదే డెవలపర్‌ను రెండో రోలుకూ వాడాను.

రెండు రోళ్లూ, మెకానిక్ శ్రమా వృథా అయ్యాక నాకు అర్థమైంది ఇది. ఫొటోలో కారణం తెలియని చీకటి కనిపించగానే కెమెరాలో ఏ భాగం చెడిందని వెతకకూడదు. ఈ చీకటి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని ముందు చూడాలి. జవాబు చాలావరకు నెగటివ్ మీదే రాసి ఉంటుంది.

మీడియం ఫార్మాట్ అంటే స్థూలంగా ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న ఫిలిం. ఇప్పుడు దొరికే 120 రోలును కొడాక్ 1901లో తెచ్చింది. ఒక రోలు మీద 6×4.5 ఫ్రేములైతే 15 లేదా 16, 6×6 అయితే 12, 6×7 అయితే 10, 6×9 అయితే 8 వస్తాయి. 6×6 నెగటివ్ వైశాల్యం 35 ఎం.ఎం. నెగటివ్‌కు మూడున్నర రెట్లు పైనే. బొమ్మ అంత పెద్దది కావడంతో చిన్న కెమెరాలో కంటికి ఆనని లోపం కూడా ఇక్కడ స్పష్టంగా పడుతుంది. దానికి తోడు చాలా కెమెరాలు ఒకే ముక్కగా ఉండవు. లెన్స్, బాడీ, ఫిలిం ఉండే మ్యాగజైన్, దాని ముందు కాంతిని ఆపే రేకు డార్క్ స్లైడ్ అన్నీ విడివిడి భాగాలు. వాటిలో ఏది కాస్త తడబడినా కాంతికి దారి మూసుకుపోతుంది.

నెగటివ్ చదవడంలో మొదట తేల్చుకోవలసింది నలుపు తెలుపుల తిరకాసు. ప్రింటులో నల్లగా కనిపించే చోటు నెగటివ్ మీద పలుచగా, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. అంటే అక్కడికి కాంతి చేరలేదు, లేదా డెవలపర్ చేరలేదు. ఈ రెండే దారులు. కెమెరా తలుపు సందులోంచి వెలుతురు చొరబడితే నెగటివ్ మీద ఆ చోటు చిక్కబడుతుంది, ప్రింటులో తెల్లబడుతుంది. కాబట్టి నెగటివ్ ఫిలింతో తీసిన ఫొటోలో చీకటి మచ్చలకు ఇలాంటి లైట్ లీక్ కారణం కాదు. ఎంతోమంది చీకటి పట్టీ చూసి తలుపు స్పాంజీలు మార్పిస్తారు. ఆ ఖర్చు అనవసరం. నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లైడ్ ఫిలింకు ఈ తిరకాసు లేదు. అందులో నలుపు నలుపే, లీకు తెలుపే. స్కానర్ మీద పడిన దుమ్ముకూ నెగటివ్ తిరకాసే వర్తిస్తుంది. నెగటివ్ మీద వాలిన ధూళి స్కాన్‌లో తెల్లటి చుక్కగా వస్తుంది. కెమెరా లోపల, ఫిలిం ముందున్న చట్రం అంచుకు అంటుకున్న వెంట్రుక మాత్రం నల్లటి పోగులా వస్తుంది, ప్రతి ఫ్రేములోనూ అదే చోట.

తర్వాత అంచు రాతలు. 120 ఫిలిం అంచున కంపెనీ పేరు, అంకెలు ఫ్యాక్టరీలోనే కాంతితో ముద్రిస్తారు. మన లెన్స్‌కూ షట్టర్‌కూ వాటితో సంబంధం లేదు. డెవలపర్‌తో మాత్రం ఉంది. బొమ్మ పలుచగా ఉండి అంచు రాతలు చిక్కగా ఉంటే డెవలపింగ్ సరిగానే జరిగింది, లోపం కెమెరాలోనో మన లెక్కలోనో ఉంది. చీకటి పట్టీ ఉన్న వైపు అక్షరాలు కూడా వెలిసిపోయినట్టు ఉంటే కెమెరాను అనుమానించవద్దు. నా చెరువు గట్టు నెగటివ్‌ను భూతద్దం కింద పెట్టినప్పుడు పై అంచు అక్షరాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కింది అంచు అంకెలు పెన్సిల్‌తో రాసి చెరిపినట్టున్నాయి. మొదటి రోలు ఆరిన రోజునే ఆ అంచు చూసి ఉంటే కెమెరా విప్పించేవాణ్ని కాదు.

రెండు ఫ్రేముల మధ్య ఖాళీని చూసి తేల్చుకోవచ్చని కొందరు చెబుతారు. ఆ ఖాళీ మీద కాంతే పడదు కాబట్టి డెవలపర్ అందినా అందకపోయినా అది పారదర్శకంగానే ఉంటుంది. అది సాక్ష్యం చెప్పలేదు. అంచు రాతలే చెప్పగలవు.

మూడో సంగతి దిక్కులు. లెన్స్ ఫిలిం మీద బొమ్మను తలకిందులుగా వేస్తుంది. ఫొటోలో నేల ఉన్న వైపు కెమెరా లోపల పైన ఉంటుంది. అందుకే ఫొటో అడుగున చీకటి ఉంటే కెమెరా గదిలో పై భాగాన అడ్డు వెతకాలి. దీనికి ఫిలిం నడిచే దిశను కలిపి చూడాలి. హాసెల్‌బ్లాడ్ మ్యాగజైన్‌లోనూ, రోలైఫ్లెక్స్, యాషికామ్యాట్ వంటి జంట లెన్సుల కెమెరాల్లోనూ ఫిలిం నిలువుగా నడుస్తుంది. పెంటకాన్ సిక్స్, పెంటాక్స్ 67 వంటి వాటిలో అడ్డంగా నడుస్తుంది. డెవలపర్ తక్కువైతే చెడేది ఫిలిం పొడవాటి అంచు. ఆ అంచు హాసెల్‌బ్లాడ్ ఫొటోలో కుడికో ఎడమకో వస్తుంది. పెంటకాన్ సిక్స్ ఫొటోలో పైకో కిందికో వస్తుంది. హాసెల్‌బ్లాడ్‌తో తీసిన ఫొటో అడుగున పట్టీ వస్తే డెవలపర్ కొరత దానికి కారణం కాలేదు. నాది అడ్డంగా నడిచే రకం కావడంతో అద్దం తప్పూ ట్యాంకు తప్పూ ఒకే అంచున పడ్డాయి. అందుకే అంత తికమక.

ట్యాంకు వల్ల వచ్చే చీకట్లలో పట్టీ ఒక్కటే కాదు. డెవలపర్ పోసిన వెంటనే ట్యాంకును బల్ల మీద రెండు మూడుసార్లు గట్టిగా తట్టకపోతే ఫిలింకు గాలి బుడగలు అంటుకుంటాయి. బుడగ ఉన్న చోట డెవలపర్ తగలదు, ప్రింటులో గుండ్రటి నల్ల చుక్క మిగులుతుంది. వెడల్పాటి 120 ఫిలింను చీకట్లో రీలుకు ఎక్కించేటప్పుడు ఒక చుట్టు మరో చుట్టుకు అంటుకుపోతే అంతకన్నా నష్టం. అంటుకున్న మేర డెవలపరూ పోదు, తర్వాత బొమ్మను స్థిరపరిచే ద్రావణం హైపో కూడా పోదు. ఆ చోట బొమ్మ లేకపోగా నెగటివ్ మీద పాలమీగడ రంగు మచ్చ కనిపిస్తుంది. ఇలాంటి మచ్చ కనిపిస్తే కెమెరాను వదిలేయవచ్చు. మళ్లీ హైపోలో వేస్తే మచ్చ పోతుంది, పోయిన బొమ్మ మాత్రం తిరిగి రాదు.

అంచు రాతలు బాగున్నాయి, చీకటి ఫ్రేము గీత దగ్గర ఖచ్చితంగా ఆగిపోయింది అంటే అప్పుడు కెమెరా వైపు తిరగాలి. ఇక్కడ చీకటి అంచు ఎలా ఉందో చూడాలి. కత్తితో కోసినట్టుందా, పొగలా కరిగిపోతోందా? అడ్డు ఫిలింకు ఎంత దగ్గరగా ఉంటే గీత అంత పదునుగా పడుతుంది. దూరం జరిగేకొద్దీ నీడ మెత్తబడుతుంది. చేతిని గోడకు దగ్గరగా పెట్టి, తర్వాత దీపం వైపు జరిపితే నీడ మారే తీరు ఇదే.

పదునైన గీతకు మొదటి అనుమానితుడు డార్క్ స్లైడ్. అది ఫిలింకు దాదాపు ఆనుకునే ఉంటుంది. సగం లాగి వదిలేస్తే ఆ మేర ఫ్రేము ఖాళీ. స్లైడ్ పూర్తిగా లోపల ఉంటే షట్టర్ పడకుండా చాలా కెమెరాల్లో తాళం ఉంటుంది కానీ, కొంత బయటికి వచ్చిన స్లైడును ఆ తాళం ప్రతిసారీ పట్టుకోదు.

రెండో అనుమానితుడు ఫ్లాష్‌తో జత కుదరని తెర షట్టర్. పెంటాక్స్ 67 వంటి కెమెరాల్లో ఫిలిం ముందు రెండు గుడ్డ తెరలు ఒక పక్క నుంచి మరో పక్కకు పరుగెడతాయి. సెకనులో 30వ వంతు కన్నా వేగంగా పెడితే మొదటి తెర పూర్తిగా తెరుచుకునే లోపే రెండో తెర బయల్దేరుతుంది. ఫ్లాష్ మెరిసిన ఆ క్షణంలో ఫిలింలో కొంత భాగం తెర చాటునే ఉంటుంది. ఫొటోలో ఒక పక్క నిలువుగా నల్లటి పట్టీ వస్తుంది. గది వెలుతురు కొంత ఉంటే ఆ పట్టీ పూర్తి నలుపు కాకుండా మసకగా ఉంటుంది. ఇది కెమెరా చెడిపోవడం కాదు, దాని హద్దు దాటడం. ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులోనూ ఎక్కువ వేగాల దగ్గర ఒక పక్క క్రమంగా నల్లబడుతుంటే కథ వేరు. రెండు తెరల వేగంలో తేడా వచ్చింది, రెండోది మొదటిదాన్ని తరిమి పట్టుకుంటోంది. అది మెకానిక్ చేయాల్సిన పని.

లెన్స్‌లోనే రేకుల షట్టర్ ఉన్న కెమెరాలకు ఈ బాధ లేదు. హాసెల్‌బ్లాడ్ 500 వరుసలో 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. కానీ పాత లెన్సుల మీద ఎం, ఎక్స్ అని చిన్న మీట ఒకటి ఉంటుంది. ఎం అనేది ఒకప్పటి ఫ్లాష్ బల్బుల కోసం. బల్బు మండి పూర్తి వెలుగు అందుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి షట్టర్ కాస్త ఆగి తెరుచుకుంటుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను ఎం మీద వాడితే రేకులు తెరుచుకునే లోపే మెరుపు అయిపోతుంది. ఫ్రేము ఫ్రేమంతా నలుపే. సంచిలో రాసుకుని మీట దానంతట అదే జరగవచ్చు. పాత లెన్స్ కొన్నవారు ముందు అది చూసుకోవడం మేలు.

మెత్తగా కరిగిపోయే చీకటికి వస్తే, అద్దం కథ ఇక్కడిది. ఎస్ఎల్ఆర్ అద్దం వెనక పై అంచున కీలు మీద ఉండి, ముందు అంచు కిందికి వాలి ఉంటుంది. బటన్ నొక్కగానే ముందు అంచు పైకి లేవాలి. కీలు బిగుసుకుపోయి సగంలో ఆగినా, ఆలస్యంగా లేచినా ఆ అంచు గది పై భాగాన వేలాడి, ఫొటో అడుగును మెత్తని నీడతో కప్పేస్తుంది. హాసెల్‌బ్లాడ్ 500సి (1957), తర్వాతి 500సి/ఎం (1970)లలో ఇంకో అంచె ఉంది. బాడీ వెనక రెండు రెక్కల తలుపు, ఒకటి పైకీ ఒకటి కిందికీ తెరుచుకుంటుంది. అసలు షట్టర్ లెన్స్‌లో ఉన్నా, ఈ తలుపు ముందుగా పూర్తిగా తెరుచుకుంటేనే కాంతి ఫిలిం దాకా వెళుతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పెట్టెలో ఉన్న కెమెరాలో గ్రీజు గట్టిపడి రెక్కలు నెమ్మదిస్తాయి. అప్పుడు ఫొటో పైనో కిందో మసక పట్టీ వస్తుంది. ఎక్కువ వేగాల్లో ఎక్కువగా, తక్కువ వేగాల్లో తక్కువగా. రోలు మొదటి ఫ్రేముల్లో కనిపించి తర్వాత తగ్గిపోతే గ్రీజు మీదే అనుమానం పెట్టుకోవచ్చు.

ఆ తలుపుకే సంబంధించిన ఒక అలవాటు కూడా చెప్పాలి. 500 వరుసలో వేలు బటన్ మీద ఉన్నంతసేపే వెనక తలుపు తెరుచుకుని ఉంటుంది. అర సెకను, సెకను వంటి ఎక్స్‌పోజర్లలో వేలు తీసేస్తే లెన్స్ ఇంకా తెరిచే ఉన్నా తలుపు మూసుకుంటుంది. ఫొటో నల్లబడుతుంది, కెమెరా తప్పేమీ లేదు. లెన్స్ షట్టర్ మూసుకున్న చప్పుడు విన్నాకే వేలు తీయాలి.

నాలుగు మూలలూ నల్లబడితే వెతుకులాట లెన్స్ ముందు మొదలవుతుంది. వెడల్పాటి లెన్స్ మీద రెండు ఫిల్టర్లు, దాని మీద మరో లెన్స్‌కు చెందిన హుడ్ పెడితే మూలలు కోసుకుపోతాయి. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వెళ్లే రంధ్రం) చిన్నది చేసేకొద్దీ ఈ కోత అంచు పదునెక్కుతుంది. లెన్స్ గొట్టమే కాంతిని అడ్డుకుంటుంటే దానికి వ్యతిరేకం: అపర్చర్ చిన్నది చేస్తే చీకటి తగ్గుతుంది. దేనికీ తగ్గని చీకటి ఇంకొకటుంది. కాంతి ఏటవాలుగా పడేకొద్దీ బలం కోల్పోతుంది. 80 మిల్లీమీటర్ల లెన్స్‌తో 6×6 ఫ్రేము మూలకు సూత్రం ప్రకారం మధ్యలో పడే కాంతిలో 65 శాతం దాకానే చేరుతుంది. తెలుగు ఇళ్లలోని పాత ఆల్బముల్లో ఆగ్ఫా క్లిక్ 3తో తీసిన చతురస్రపు ఫొటోలు ఎన్నో ఉన్నాయి. మూలలు మసకగా, కాస్త నల్లగా ఉన్నంత మాత్రాన అవి చెడిపోయినట్టు కాదు. సాదా లెన్స్ సహజ గుణం అది. స్కాన్ చేసి దిద్దేవారు ఆ మూలల్ని మరీ తెల్లబరచకపోతే బాగుంటుంది.

ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం గుబురులా వస్తే పోలరైజర్ ఫిల్టర్‌ను గుర్తు చేసుకోండి. సూర్యుడికి తొంభై డిగ్రీల దిశలో ఆకాశం మీద దాని ప్రభావం ఎక్కువ. వెడల్పాటి లెన్స్ ఆ దిశనూ, పక్క దిశలనూ ఒకే ఫ్రేములో పడుతుంది కాబట్టి ఆకాశం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. జంట లెన్సుల కెమెరాల్లో మనం చూసేది పై లెన్స్‌తో, ఫొటో పడేది కింది లెన్స్‌తో. కింద అడ్డం వచ్చిన వేలునూ, మెడ పట్టీనీ పై లెన్స్ చూపించదు. మడత కెమెరాల్లో ముడతల గొట్టం సడలి లోపలికి జారితే వంపు తిరిగిన మెత్తటి నీడ పడుతుంది.

డిజిటల్ మీడియం ఫార్మాట్‌లో కారణాలు కొన్నే. ఎఫ్/16 (చిన్న అపర్చర్) దగ్గర ఆకాశంలో కనిపించి ఎఫ్/4 (పెద్ద అపర్చర్) దగ్గర మాయమయ్యే మసక చుక్క సెన్సార్ మీది దుమ్ము. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్ 50ఎస్‌లోనూ తెర షట్టర్ ఉంది కాబట్టి ఫ్లాష్‌కు 1/125 హద్దు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఇంటి దీపాల కింద తీస్తే అడ్డ చారలు రావచ్చు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. చాలా దీపాలు దాని మీద సెకనుకు వందసార్లు మినుకుతాయి. సెన్సార్ వరుస తర్వాత వరుసగా నెమ్మదిగా చదువుతుంటే ఆ మినుకులే చారలవుతాయి. 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి. మెకానికల్ షట్టర్‌కు మారడం ఇంకా మంచిది.

ఏదీ తేలకపోతే ఒక రోలు పరీక్షకు కేటాయించండి. ఎండ సమంగా పడే తెల్ల గోడ మీద, పైకి చూపే బాణం గీసిన కాగితం అతికించండి. ఆ బాణం లేకపోతే ఆరిన నెగటివ్‌లో ఏది పైనో ఏది కిందో మీరే మరిచిపోతారు. స్టాండు మీద కెమెరా పెట్టి అపర్చర్, వేగం కలిపి మారుస్తూ ఒక్కో వేగానికి ఒక్కో ఫ్రేము తీయండి. ఒక ఫ్రేముకు కెమెరాను తలకిందులు చేయండి. చీకటి బాణంతో పాటు తిరిగితే అది గోడ మీది వెలుతురు తేడా. ఫ్రేము అంచునే అంటిపెట్టుకుంటే కెమెరాది. రెండో మ్యాగజైన్ ఉంటే సగం ఫ్రేములు దానితో తీయండి. ప్రతిదీ కాగితం మీద రాసుకోండి.

ఫిలిం ఖర్చు లేని పరీక్షా ఉంది. మ్యాగజైన్ తీసేసి, లేదా వెనక తలుపు తెరిచి, ఫిలిం కూర్చునే చట్రం మీద ట్రేసింగ్ పేపర్ ముక్క అతికించండి. షట్టర్‌ను బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరాను కిటికీ వైపు తిప్పి బటన్ నొక్కి పట్టుకోండి. కాగితం మీద కిటికీ తలకిందులుగా వెలుగుతుంది. కాగితం తీసేసి, కన్ను ఒక్కో మూల దగ్గర పెట్టి లోపలికి చూడండి. ఏ మూల నుంచి చూసినా అడ్డేమీ లేకుండా లెన్స్ రంధ్రం కనిపించాలి. కాస్త కోలగా కనబడటం మామూలే. రంధ్రంలో ఒక పక్క తెగినట్టు ఉంటే, ఆ పక్కన ఏముందో కంటికే తెలుస్తుంది. అద్దం అంచో, సగం ఆగిన రెక్కో, జారిన ముడతో.

మూడో రోలుకు కొత్త డెవలపర్ కలిపి 500 మిల్లీలీటర్లు కొలిచి పోశాను. గుడి గోడ అడుగు దాకా తెల్లగా వచ్చింది. ఆ నెగటివ్‌నూ, పాత రెండింటినీ తీసుకెళ్లి మెకానిక్‌కు చూపించాను. ఆయన మూడింటి అంచులూ భూతద్దంతో చాలాసేపు చూశారు. ఇప్పుడు ఎవరు కెమెరా తెచ్చినా ఆయన ముందు నెగటివ్ అడుగుతున్నారు. ప్రింటు వద్దంటారు, అంచులు కత్తిరించని నెగటివే కావాలంటారు.